అర్జెంట్ కేర్‌కి బయల్దేరే ముందు

(టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక ఆదివారం మధ్యాహ్నం, డాలస్ చుట్టుపక్కల అర్జెంట్ కేర్‌లలో, అంటే చిన్నచిన్న జబ్బులకీ దెబ్బలకీ అప్పటికప్పుడు చూసే క్లినిక్‌లలో, పనిచేసే ఒక డాక్టరు గారు తెలుగువాళ్ళతో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది కనపడుతున్నారు, సంతోషం. వెనక వరసలో ఉన్న పిల్లలు కూడా కాస్త ఫోన్లు పక్కన పెట్టండి. కారు నడిపేది మీరే కాబట్టి ఎటు నడపాలో మీకే తెలియాలి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఆదివారం రాత్రి. భోజనాలయ్యాయి. నాన్నగారికి గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టుంది, చెమటలు పడుతున్నాయి. ఎక్కడికి తీసుకెళ్తారు? చేతులెత్తండి. అర్జెంట్ కేర్‌కి అనేవాళ్ళు? అబ్బో, చాలా చేతులే లేచాయి. మిగతావాళ్ళు? హాస్పిటల్‌కి, మన కార్లో. సరే. రెండూ కాదండీ. 911కి, అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరుకి, ఫోన్ చేయాలి. అంబులెన్సులో వచ్చేవాళ్ళు ఇంటి దగ్గరే ఈసీజీ తీయగలరు, గుండెపోటే అయితే దారిలో ఉండగానే హాస్పిటల్‌కి కబురు చేస్తారు. మీ కార్లో, హైవే మీద, ఆయనకి స్పృహ తప్పితే మీరేం చేస్తారు?

కానీ ఆ రాత్రి మన ఇళ్ళలో అసలు జరిగేదేమిటి? నాన్నగారు "గ్యాస్ రా, సాయంత్రం బజ్జీలు తిన్నాను, కాస్త ఈనో కలిపివ్వు" అంటారు. అమ్మ వాము నీళ్ళు కాస్తుంది. గంట గడుస్తుంది, తగ్గదు. అప్పుడు "హాస్పిటల్ ఎమర్జెన్సీ, అదే ఈఆర్, వద్దు, వేలకి వేలు బిల్లు వేస్తారు, పక్కనే అర్జెంట్ కేర్ ఉందిగా" అని మా దగ్గరికి వస్తారు. గ్యాస్ అనే మాటతో నా గదిలోకి వచ్చిన గుండెపోట్లు నేను చూశాను. షుగర్ ఉన్నవాళ్ళకి అసలు నొప్పే రాకపోవచ్చు. ఆయాసం, చల్లటి చెమటలు, వాంతి వచ్చేట్టు ఉండటం, ఉన్నట్టుండి నీరసం. ఇంతే ఉంటుంది. ఆడవాళ్ళలో కూడా చాలాసార్లు ఇంతే.

మా దగ్గరికి వస్తే మేమేం చేస్తాం? ఈసీజీ తీస్తాం. అది మామూలుగా ఉన్నా, గుండెపోటు కాదని మేం చెప్పలేం. అలా చెప్పాలంటే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేయాలి, అదీ ఒక్కసారి కాదు, గంటల తేడాతో మళ్ళీ చేయాలి. ఆ ఏర్పాటు చాలా అర్జెంట్ కేర్‌లలో ఉండదు. చివరికి మేమే 911కి ఫోన్ చేస్తాం. అంటే మా బిల్లు, అంబులెన్సు బిల్లు, హాస్పిటల్ బిల్లు, మూడూ మీకే వస్తాయి. బిల్లు సంగతి అలా ఉంచండి. పోయిన గంటన్నర ఎవరు తెస్తారు?

పక్షవాతం కూడా ఇంతే. మూతి ఒక పక్కకి వంకర పోయినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా 911. పది నిమిషాల్లో అదే తగ్గిపోయినా సరే, 911. రక్తం గడ్డని కరిగించే మందు సాధారణంగా మొదటి 4.5 గంటల్లోపే ఇస్తారు. అది ఇవ్వాలంటే ముందు సీటీ స్కాన్ కావాలి. మా దగ్గర సీటీ లేదు. ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పని ఒకటుంది. ఆయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. హాస్పిటల్లో ముందు అడిగే ప్రశ్నల్లో అదొకటి.

మన ఊళ్ళ అలవాటు వేరు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఒక నర్సింగ్ హోమ్‌లోకి వెళ్తే ల్యాబు, స్కానింగు, మందుల షాపు అన్నీ అక్కడే, లేకపోతే పక్క సందులో. అవసరమైతే పైన బెడ్డు ఇస్తారు. అర్జెంట్ కేర్‌ని కూడా మనవాళ్ళు అలాంటిదే అనుకుంటారు. కాదండీ. మాది చిన్న చోటు. ఎక్స్‌రే ఉంటుంది, కొన్ని చోట్ల అదీ సాయంత్రం దాకానే. కుట్లు వేస్తాం, కట్టు కడతాం, సెగ్గడ్డ కోసి చీము తీస్తాం, నెబ్యులైజర్ పెడతాం, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ ఇస్తాం. గొంతుకి, ఫ్లూకి, కోవిడ్‌కి, మూత్రానికి అప్పటికప్పుడు తేలే పరీక్షలు చేస్తాం. కాలు బెణికింది, చెవిపోటు, మూత్రంలో మంట, ఒంటి మీద దద్దుర్లు, కూరగాయలు తరుగుతుంటే వేలు తెగింది, వీటికి రండి. హాయిగా రండి. ఈఆర్‌కి వెళ్తే వీటికి గంటలు గంటలు కూర్చోబెడతారు, ఎందుకంటే అక్కడ ముందొచ్చినవాళ్ళని కాదు, ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్ళని ముందు చూస్తారు. ఒక్క మాట, తెగిన గాయం రేపు చూద్దాంలే అనుకోకండి. కుట్లు వేయాల్సిన గాయానికి అదే రోజు రావాలి, ఆలస్యమైనకొద్దీ కుట్టడం కుదరదు.

మీరు ఎవరూ అనుకోనివి ఇంకో మూడు చెప్తాను, ఇవి హాస్పిటల్ ఈఆర్ కేసులు. ఒకటి, మూడు నెలలు నిండని పసిబిడ్డకి 100.4 ఫారెన్‌హీట్ జ్వరం. బిడ్డ ఆడుకుంటున్నా, పాలు తాగుతున్నా సరే. రెండు, రక్తం పల్చబడే మందు వేసుకునే పెద్దాయన బాత్రూమ్‌లో జారి తలకి దెబ్బ తగిలించుకోవడం. బయటికి బొప్పి మాత్రమే కనపడుతుంది, లోపల రక్తం కారుతుందో లేదో సీటీలోనే తెలుస్తుంది. మూడు, ఇది మనకే ఎక్కువ వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో, దుబాయ్ మీదుగానో ఇరవై గంటల పైన ప్రయాణం చేసి వచ్చిన అమ్మకి ఒక్క కాలు, ఒక్క కాలే, పిక్క దగ్గర వాచి నొప్పి పెట్టడం. "కూర్చుని కూర్చుని పట్టేసింది" అని నూనె రాసి మర్దన చేస్తారు. చేయకండి! అది సిరలో రక్తం గడ్డ కావచ్చు. ఆ కాలికి అల్ట్రాసౌండ్ తీయాలి. దానికి తోడు ఆయాసం కూడా ఉంటే 911.

ఇప్పుడు టెక్సస్‌లో మాత్రం బాగా జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి. ఇక్కడ ఫ్రీస్టాండింగ్ ఈఆర్‌లని ఉంటాయి. హాస్పిటల్‌కి దూరంగా, కిరాణా కొట్టు పక్కన, పిజ్జా షాపు పక్కన, చూడ్డానికి అచ్చం అర్జెంట్ కేర్‌లాగే ఉంటాయి. 2009లో వీటికి లైసెన్సులిచ్చే చట్టం వచ్చింది. అక్కడ మంచి వైద్యం దొరకదని నేననడం లేదు, సీటీ ఉంటుంది, రాత్రంతా డాక్టరు ఉంటారు. కానీ బిల్లు మాత్రం ఈఆర్ బిల్లు. గొంతునొప్పికి వెళ్ళినా ఈఆర్ బిల్లే. తేడా ఎలా తెలుస్తుంది? బోర్డు మీద ఎమర్జెన్సీ అనే మాట ఉందా, 24 గంటలూ తెరిచి ఉంటుందా, అది చూడండి. టెక్సస్‌లో ఫ్రీస్టాండింగ్ ఈఆర్ 24 గంటలూ తెరిచి ఉండాల్సిందే. మామూలు అర్జెంట్ కేర్‌లు ఎనిమిదికో తొమ్మిదికో మూసేస్తాయి. లోపలికి వెళ్ళాక కూడా అనుమానంగా ఉంటే "మీరు ఈఆర్‌గా బిల్లు చేస్తారా, అర్జెంట్ కేర్‌గానా?" అని కౌంటర్‌లో మొహం మీదే అడగండి. సిగ్గుపడకండి. కూరగాయల దగ్గర బేరమాడే మనం ఇక్కడికొచ్చేసరికి ఎందుకు నోరు మూసుకుంటాం?

ఇన్సూరెన్స్ విషయంలో కూడా అంతే. "మీరు ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అని అడిగితే అందరూ తీసుకుంటామనే అంటారు. అడగాల్సింది అది కాదు. "నా ప్లాన్‌కి మీరు ఇన్-నెట్‌వర్క్‌లో ఉన్నారా?" అని అడగాలి, అంటే మీ ఇన్సూరెన్స్ కంపెనీతో వాళ్ళకి ఒప్పందం ఉందా అని. ఇంకా మంచిది, ఆరోగ్యంగా ఉన్న రోజున మీ ఇన్సూరెన్స్ కంపెనీ యాప్‌లో చూసి, ఇంటి దగ్గర ఒకటి, ఆదివారాలు తెరిచి ఉండేది ఇంకొకటి రాసి ఫ్రిజ్ మీద అంటించండి. జ్వరంతో వణికే పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఎవరూ నెట్‌వర్క్ వెతకలేరు. 2022 జనవరి 1 నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అమల్లో ఉంది. ఎమర్జెన్సీలో నెట్‌వర్క్‌లో లేని ఈఆర్‌కి వెళ్ళినా మీ మీద అదనపు బిల్లు వేయకుండా అది కాపాడుతుంది. కానీ మామూలు అర్జెంట్ కేర్‌కి సాధారణంగా ఆ రక్షణ లేదు. కాబట్టి అర్జెంట్ కేర్ దగ్గర నెట్‌వర్క్ చూసుకోవడం పూర్తిగా మీ బాధ్యతే.

మూసే టైముకి పావుగంట ముందు రాకండి. మిమ్మల్ని చూడకూడదని కాదు. ఎక్స్‌రే తీసే అమ్మాయి అప్పటికే వెళ్ళిపోయి ఉండొచ్చు. చాలా చోట్ల ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ చేసుకుని ఇంట్లోనే ఎదురుచూడొచ్చు, చేసుకోండి.

సరే, ఇక సంచిలో ఏం పెట్టుకోవాలి? ఇన్సూరెన్స్ కార్డు, ఫోటో ఐడీ. ఇవి అందరికీ తెలుసు. పెద్దవాళ్ళ విషయంలో పాస్‌పోర్టు తెండి, లేదా దాని ఫోటో. ఎందుకు చెప్తున్నానంటే, మన పెద్దవాళ్ళకి పుట్టినరోజులు రెండు. ఒకటి అసలుది, ఇంకొకటి బళ్ళో మేష్టారు వేసింది. అడగ్గానే అసలుది చెప్తారు. పాస్‌పోర్టులో, ఇన్సూరెన్స్‌లో బడి తేదీ ఉంటుంది. రెండూ కలవకపోతే కంప్యూటర్ ఆ మనిషే లేడంటుంది. పైగా ఇక్కడ నెల ముందు రాస్తారు, రోజు తర్వాత. ఏప్రిల్ 7 అని 7/4 రాస్తే అది జులై 4 అయిపోయింది. పేర్లు కూడా అంతే. ఇంటిపేరు ముందు రాసే మనిషి, పేరు ముందు రాసే దేశం. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే ఇవ్వండి.

మందుల సంగతి అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఏమనుకోకండి. నేను "ఏం మందులు వాడుతున్నారు?" అంటే "బీపీకి ఒకటి, తెల్లది, చిన్నది" అంటారు. తెల్లవి చిన్నవి ఎన్ని వందలున్నాయండీ! నాకు తెలుగు వచ్చు కాబట్టి టెల్మా అంటే టెల్మిసార్టాన్ అని, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్ అని తెలుస్తుంది. మా పక్క గదిలో ఉండే అమెరికన్ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? కొన్ని మందులైతే ఈ దేశంలో లేనే లేవు. షుగర్‌కి వాడే గాల్వస్ ఇక్కడ ఆమోదం పొందలేదు. రక్తం పల్చబడటానికి ఇచ్చే అసిట్రోమ్ ఇక్కడ అమ్మరు. అది రక్తం పల్చబరిచే మందని తెలియకపోతే దానికి పడని మందు మేం రాసెయ్యొచ్చు. కాబట్టి ప్రతి స్ట్రిప్‌నీ వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో కనపడేట్టు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఈ రాత్రికే చేయండి. స్టెంటు వేయించుకున్నవాళ్ళు దాని కార్డు, పాత ఈసీజీ కూడా ఫోటో తీయండి. పాతది పక్కన పెట్టి చూస్తేనే కొత్తదానిలో తేడా తెలుస్తుంది.

డోలో 650 వేసుకున్నారు. ఇక్కడ అబ్బాయి టైలెనాల్ ఇచ్చాడు. రాత్రి జలుబుకి నైక్విల్ తాగించారు. మూడింటిలోనూ ఉన్నది ఒకటే మందని, పారాసిటమాలేనని, ఎంతమందికి తెలుసు? పెద్దవాళ్ళకి మొత్తం మీద రోజుకి 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు, లివర్ బాగాలేనివాళ్ళకి ఇంకా తక్కువ. కాంబిఫ్లామ్‌లో దానితోపాటు ఐబుప్రొఫెన్ కూడా ఉంది, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు. నొప్పికి వేసుకునే నైస్ టాబ్లెట్ గురించి చెప్తే ఇక్కడి డాక్టర్లు వింతగా చూస్తారు, అది ఈ దేశంలో ఎప్పుడూ ఆమోదం పొందలేదు. ఆయుర్వేదం, భస్మాలు, నాటు మందులు వాడుతుంటే దాచకండి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు. కొన్నిటిలో సీసం, పాదరసం ఉంటాయి, అది తెలిస్తేనే మీ కడుపునొప్పికి కారణం దొరుకుతుంది. ఇంకోటి, మేం నిద్రమాత్రలు, ఆల్ట్రాసెట్ లాంటి గట్టి నొప్పి మాత్రలు రాసిస్తామని రాకండి. సాధారణంగా ఇవ్వం. బీపీ మాత్రలు అయిపోతే కొద్ది రోజులకి రాసిస్తాం, ఆరు నెలలకి రాయం.

ఇండియా వెళ్ళొచ్చాక జ్వరమొస్తే, మేం అడక్కపోయినా మీరే చెప్పండి. ఎప్పుడు వచ్చారు, ఏ ఊళ్ళో ఉన్నారు, దోమలు కుట్టాయా. టెక్సస్ డాక్టరుకి డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్ వెంటనే గుర్తుకురావు. మలేరియా కొన్నిసార్లు నెలల తర్వాత కూడా బయటపడుతుంది. వీటికి కావాల్సిన రక్తపరీక్షలు చాలావరకు హాస్పిటల్లోనే సులువుగా అవుతాయి, అందుకని చలిజ్వరం గట్టిగా వస్తుంటే నేరుగా అక్కడికే వెళ్ళడం మంచిది. డెంగ్యూ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోకండి. ఇప్పటికే గుండెకి ఎకోస్ప్రిన్ (అదీ ఆస్పిరినే) వాడుతున్నవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టర్ని అడగండి.

భాష. అమ్మకి ఇంగ్లీషు రాదు, పదేళ్ళ మనవడు అనువాదం చేస్తాడు. అమ్మకున్న సమస్య ఆడవాళ్ళ సమస్య. వాడి ముందు చెప్తుందా? చెప్పదు. "కడుపునొప్పి" అని ఊరుకుంటుంది. ప్రభుత్వ ఇన్సూరెన్స్ పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ లాంటి వాటి డబ్బు తీసుకునే క్లినిక్‌లు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఫోన్ మీద తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారు. తెలుగు అని స్పష్టంగా చెప్పండి, ఇండియన్ అంటే హిందీ మనిషిని కలుపుతారు.

నొప్పి ఒకటి నుంచి పది మధ్య ఎంత అని అడుగుతాం. నాన్నగారు "ఫరవాలేదమ్మా, రెండు" అంటారు. విరిగిన చేతితో! మర్యాద కోసం తగ్గించి చెప్పే చోటు కాదది. అంకె చెప్పలేకపోతే ఏం చేయలేకపోతున్నారో చెప్పండి. రాత్రి నిద్ర లేదు, గ్లాసు పట్టుకోలేకపోతున్నాను, మెట్లు ఎక్కలేకపోతున్నాను. నాకు అంకె కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక సూది. "ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపండి డాక్టరు గారూ, మా ఊళ్ళో అయితే ఈపాటికి తగ్గిపోయేది." ఇది నేను వారం వారం వింటాను. వైరస్ జలుబుకి యాంటీబయాటిక్ పనిచేయదు. గొంతులో స్ట్రెప్ అనే బాక్టీరియా ఉందని పరీక్షలో తేలితే ఇస్తాం, లేకపోతే ఇవ్వం. ఇవ్వలేదని కోపంతో ఇంటికెళ్ళి సూట్‌కేసులో ఉన్న అజిత్రాల్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటారని కూడా నాకు తెలుసు. నవ్వుతున్నారు, అంటే నిజమేగా?

అమ్మానాన్నలు ఆఫీసుల్లో ఉండగా తాతయ్య మనవరాలిని తీసుకొస్తే క్లినిక్‌వాళ్ళు తల్లిదండ్రుల అనుమతి అడుగుతారు. "ఫలానా వాళ్ళు మా పాపకి వైద్యం చేయించడానికి ఒప్పుకుంటున్నాం" అని సంతకం చేసిన కాగితం ఇంట్లో ఉంచండి, దానిలో పాపకి పడని మందులు, మీ ఫోన్ నంబర్లు కూడా రాయండి. పాప పొరపాటున మాత్రలు మింగితే, లేచి తిరుగుతూ బాగానే ఉంటే, ముందు 1-800-222-1222కి ఫోన్ చేయండి. అది విషప్రభావాల సలహా కేంద్రం, ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు. స్పృహ లేకపోయినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా అక్కడికి కాదు, 911.

వెళ్ళేటప్పుడు చేతికిచ్చే కాగితం పారేయకండి, ఎక్స్‌రే తీస్తే కాపీ అడిగి తీసుకోండి. మందులు రాసే ముందే మీ ఫార్మసీ ఏదో, ఆ రాత్రి తెరిచి ఉంటుందో లేదో చూసి చెప్పండి.

ప్రశ్నలు

(ఈఆర్‌కి వెళ్తే డబ్బు ముందే కట్టమంటారా, ఇన్సూరెన్స్ లేకపోతే వెనక్కి పంపేస్తారా అని ఒకరు అడిగారు.)

పంపకూడదండీ. 1986లో ఎమ్‌టాలా అనే చట్టం వచ్చింది. హాస్పిటల్ ఈఆర్‌కి వచ్చినవాళ్ళని డబ్బుతో, ఇన్సూరెన్స్‌తో సంబంధం లేకుండా పరీక్షించాలి, ప్రాణాపాయం ఉంటే పరిస్థితి కుదుటపడేదాకా వైద్యం చేయాలి. బిల్లు తర్వాత వస్తుంది, వస్తుంది, రాదనట్లేదు. వస్తే వెంటనే క్రెడిట్ కార్డు తీయకండి. ఒక్కో ఖర్చు విడివిడిగా రాసిన బిల్లు అడగండి. లాభాపేక్ష లేని హాస్పిటల్ అయితే ఆర్థిక సహాయానికి ఒక విధానం ఉండాలని చట్టమే చెప్తోంది, ఆ ఫారం అడగండి. మామూలు అర్జెంట్ కేర్‌కి ఈ చట్టం సాధారణంగా వర్తించదు, డబ్బు ముందే అడగొచ్చు.

(కాపే, అంటే ఒక్కో విజిట్‌కి మన వాటాగా కట్టే మొత్తం, కట్టాక మళ్ళీ బిల్లు ఎందుకు వచ్చిందని ఇంకొకరు.)

డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మీరే కట్టుకోవాల్సిన మొత్తం, నిండకపోతే వస్తుంది. మేం బయటి ల్యాబుకి పంపిన మూత్రం కల్చర్‌కి ఆ ల్యాబు వేరే బిల్లు పంపుతుంది. ఎక్స్‌రే చూసిన రేడియాలజిస్టుది ఇంకోటి రావొచ్చు. క్లినిక్ ఏదైనా హాస్పిటల్‌కి చెందినదైతే ఫెసిలిటీ ఫీజని అదనంగా ఉండొచ్చు. ఇది ముందే అడిగి తెలుసుకోవచ్చు.

(అత్తగారు, మామగారు విజిటర్ వీసా మీద వచ్చారు, వాళ్ళ పాలసీతో అర్జెంట్ కేర్‌కి వెళ్ళొచ్చా అని ఒకావిడ.)

వెళ్ళొచ్చమ్మా, కానీ ఆ పాలసీ ఈ రాత్రి తీసి చదువు. ఫిక్స్‌డ్ ప్లాన్ అయితే విజిట్‌కి ఇంతని ఇచ్చి ఊరుకుంటారు, మిగతాది మీరే కట్టాలి. కాంప్రెహెన్సివ్ అయితే డిడక్టిబుల్ పోను శాతం లెక్కన ఇస్తారు. రెండిట్లోనూ పాత జబ్బుల్ని మామూలుగా కవర్ చేయరు, బీపీ చూపించుకోవడానికి వెళ్తే డబ్బు రాదు. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే కొన్ని ప్లాన్లు ఒక పరిమితి దాకా ఇస్తాయి, ఆ పేజీకి గుర్తు పెట్టుకో. చాలా అర్జెంట్ కేర్‌లు విజిటర్ పాలసీకి నేరుగా బిల్లు చేయవు, మీ చేత డబ్బు కట్టించుకుని రసీదు ఇస్తాయి. కాబట్టి ముందే ఫోన్ చేసి, ఇన్సూరెన్స్ లేకుండా కడితే ఎంతని అడుగు. ఒకే వీధిలో రెండు చోట్ల రెండు ధరలు ఉంటాయి. చెల్లించే స్తోమత లేనివాళ్ళకి ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు కూడా ఉన్నాయి, అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకుంటే బీపీ, షుగర్ కూడా చూస్తారు. క్లెయిమ్ వేయడానికి ఒక్కో ఖర్చు విడివిడిగా రాసిన బిల్లు, డాక్టరు రాసిన నోట్స్, మందుల రసీదులు మూడూ కావాలి. ఆ రోజే అడిగి తెచ్చుకో, వాళ్ళు గుంటూరు వెళ్ళిపోయాక తెప్పించుకోవాలంటే వాళ్ళ సంతకం ఉన్న ఫారం మళ్ళీ పంపాలి.